ఇంజన్ ఎంత గాలి మింగుతుంది?

1955లో ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారం ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును రోడ్డు మీదికి తెచ్చింది. నాలుగేళ్ల తర్వాత, కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడర్‌లోని పాత సైడ్‌వాల్వ్ ఇంజన్ తీసేసి కొత్తది బిగించారు. ఈ రెండు కార్లనూ పక్కపక్కన నిలబెడితే వీటికి చుట్టరికం ఉందని ఎవరూ అనుకోరు. ఒకదాంట్లో ఇద్దరు కాళ్లు చాపుకుని కూర్చోవడమే గగనం, రెండోదాంట్లో పెళ్లివారు సగం మంది ఎక్కేసేవారు. బానెట్లు ఎత్తితేనే సంగతి బయటపడుతుంది. రెండింట్లోనూ ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజనే, 1489 సీసీదే. అయినా ఎంజీఏ 70 హార్స్‌పవర్ దగ్గర తిరిగేది, అంబాసిడర్ 50కి కాస్త అటూ ఇటూగా ఆగిపోయేది.

బానెట్ ఎత్తగానే కంటికి కనిపించే తేడా ఒకటుంది. ఎంజీఏకి 1.5 అంగుళాల ఎస్‌యూ కార్బురేటర్లు రెండు. అంబాసిడర్‌కి ఒక్కటే. ఇది చూశాక పాతకార్ల మీద మోజున్నవాడి ఆలోచన ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. రెండోది కూడా తగిలిస్తే మన బండీ పరిగెడుతుంది కదా! అలా తగిలించినవాళ్లకు తరచుగా దక్కేది వేరు. ఐడ్లింగులో వణుకు, ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే ఒక దగ్గు, బంకు దగ్గర పెరిగిన బిల్లు. పైవేగంలో మాత్రం స్టాప్‌వాచీ పట్టుకుని వెతుక్కోవాల్సినంత లాభం.

ఎంజీఏకి ఆ అదనపు శక్తి రెండో కార్బురేటర్ వల్ల రాలేదు. దాని కంప్రెషన్ ఎక్కువ, క్యామ్ వేరు, కాలిన వాయువు బయటికి పోయే గొట్టాలు వేరు, గరిష్ఠ శక్తి పుట్టే వేగం కూడా నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా ఎక్కువ. ఇవన్నీ కలిసి ఆ ఇంజన్ చేత ఎక్కువ గాలి మింగించాయి. అంత గాలి ఒక్క కార్బురేటర్‌లోంచి పట్టదు కాబట్టి రెండు పెట్టారు. అంటే అక్కడ ముందు పెరిగింది ఆకలి. మన మెకానిక్ షెడ్లలో ఈ వరస తిరగబడుతుంది. ట్యూనింగ్ అనగానే మొదట కొనేది కార్బురేటరే, ఎందుకంటే అది నాలుగు బోల్టులతో బిగుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది.

కాబట్టి ముందు ఆకలి ఎంతో లెక్కేద్దాం. లెక్క చిన్నదే. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ప్రతి సిలిండరూ ఒక్కసారి గాలి పీలుస్తుంది. ఇంజన్ పరిమాణాన్ని లీటర్లలో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చించి, 120తో భాగిస్తే సెకనుకు ఎన్ని లీటర్ల గాలి అన్నది వస్తుంది. 1960లలో ర్యాలీలను ఊపేసిన మినీ కూపర్ ఎస్‌నే తీసుకోండి. అందులో పెద్దది 1275 సీసీ ఇంజన్, గరిష్ఠ శక్తి 5800 ఆర్‌పీఎం దగ్గర. లెక్క ప్రకారం సెకనుకు 61.6 లీటర్లు. ఏ మామూలు ఇంజనూ ప్రతి పీల్పులోనూ సిలిండర్‌ను నిండుగా నింపుకోలేదు. వాల్వ్ తెరుచుకునే కాసేపట్లో ఎంత దూరగలిగితే అంతే. మంచి రోడ్డు ఇంజన్‌కి ఆ వేగంలో 85 శాతం నిండితే మెచ్చుకోవచ్చు. అలా చూస్తే 52 లీటర్లు.

ఈ 52 లీటర్లను శక్తిలోకి మార్చి చూస్తే లెక్క సరైనదో కాదో తెలిసిపోతుంది. 100 హార్స్‌పవర్ అంటే దాదాపు 75 కిలోవాట్లు. ఆ కాలపు ఇంజన్లు ఒక కిలోవాట్ అవర్ శక్తికి సుమారు 300 గ్రాముల పెట్రోలు కాల్చేవి. గంటకు 22.5 కిలోలు. గరిష్ఠ శక్తికి పెట్రోలుకు పదమూడింతల బరువు గాలి కావాలి, కాస్త తక్కువైనా ఫర్వాలేదు. మొత్తం మీద గంటకు 240 ఘనపు మీటర్ల గాలి, సెకనుకు 66, 67 లీటర్లు. అంటే మన కూపర్ ఎస్ మింగే 52 లీటర్లకు 78 హార్స్‌పవర్ రావాలి. కంపెనీ ప్రకటించింది 76. ఇంత ముతక లెక్క ఇంత దగ్గరికి రావడం చూస్తే ముచ్చటేస్తుంది. పాతకారు ట్యూన్ చేయించేవాళ్లు వర్క్‌షాపుకి వెళ్లే ముందు ఈ రెండు గుణకారాలు కాగితం మీద చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. ‘మా 1275 ఇంజన్ 6000 దగ్గర 130 హార్స్‌పవర్ ఇస్తోంది’ అని ఎవరైనా అంటే ఆ ఇంజన్ తన శక్తికి మించి సెకనుకు 20 లీటర్లకు పైగా గాలి ఎక్కడి నుంచి తెస్తోందో అడగొచ్చు.

గాలి ఎంత కావాలో తెలిసింది. అది పట్టేంత పెద్ద గొట్టం పెడితే సరిపోదా? కేవలం గాలి పంపడమే కార్బురేటర్ పనైతే అంతే, ఎంత పెద్దదైతే అంత మంచిది. కానీ దాని అసలు పని కొలవడం. ఎంత గాలి వెళ్తోందో చూసుకుని, దానికి తగిన పెట్రోలు కలపాలి. ఐడ్లింగులో వెళ్లే చిటికెడు గాలికైనా, 6000 దగ్గర వెళ్లే ఉప్పెనకైనా. దానికి కళ్లు లేవు, కరెంటు లేదు. గాలి వేగాన్ని బట్టి మారే పీడనం ఒక్కటే దానికి తెలిసిన భాష.

పాత తరం వాళ్లకు ఫ్లిట్ పంపు గుర్తుండే ఉంటుంది, దోమల మందు కొట్టేది. పిడిని మెల్లగా నెడితే ఏమీ రాదు. గట్టిగా నెడితే కింది డబ్బాలోని మందు సన్నని గొట్టంలోంచి పైకెక్కి తుంపరగా చిమ్ముతుంది. కార్బురేటర్‌లో జరిగేదీ ఇదే. వేగంగా కదిలే గాలిలో పీడనం తగ్గుతుందని డేనియల్ బెర్నౌలీ 1738లో తన జలగతి గ్రంథంలో చెప్పాడు. నడుము దగ్గర నొక్కుకున్న గొట్టంలో ప్రవాహం ఎలా ప్రవర్తిస్తుందో ఇటలీవాడు జొవాన్ని బాటిస్టా వెంచురి 1797లో ప్రచురించాడు. ఆ నొక్కునే ఇవాళ్టికీ వెంచురి అంటున్నాం, షెడ్డులో చోక్ అంటారు. పొద్దున్నే లాగే చోక్ బటన్‌తో దీనికి సంబంధం లేదు. ఈ అధ్యాయంలో దాన్ని గొంతు అని పిలుచుకుందాం.

గొంతులో పీడనం ఎంత తగ్గుతుంది? గాలి సాంద్రతలో సగం, ఇంటూ వేగం వర్గం. ఇక్కడ వర్గం అన్నదే అసలు చిక్కంతా తెస్తుంది. గొంతు వ్యాసం పెంచితే దాని వైశాల్యం వర్గంలో పెరుగుతుంది, గాలి వేగం అంతమేరా పడుతుంది. వేగం పడితే పీడనం తేడా మళ్లీ వర్గంలో పడుతుంది. రెండూ కలిపితే పెట్రోలును పైకి లాగే బలం గొంతు వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. వ్యాసం పాతిక శాతం పెంచితే ఆ బలం సగం కంటే తక్కువకు పడిపోతుంది. పెద్ద కార్బురేటర్ పెట్టినవాడి కష్టాలన్నీ ఈ ఒక్క ఘాతంలోంచి పుట్టుకొస్తాయి.

దీన్ని ఒక నిజమైన ఇంజన్ మీద పెట్టి చూద్దాం. లోటస్ ఇలాన్‌లో 1558 సీసీ ట్విన్‌క్యామ్ ఇంజన్ ఉండేది. దానికి రెండు వెబర్ 40 డీసీఓఈ కార్బురేటర్లు. ఎదువార్దో వెబర్ 1923లో బొలోన్యాలో మొదలుపెట్టిన సంస్థ ఇది. డీసీఓఈలో ఒక్కో కార్బురేటర్‌కి రెండు గొంతులు. అంటే నాలుగు సిలిండర్లకు నాలుగు గొంతులు, ఎవరిది వారిదే. 40 అన్నది లోపలి థ్రాటిల్ గొట్టం వ్యాసం, మిల్లీమీటర్లలో. అసలు గొంతు అందులో దూర్చిన అల్యూమినియం కట్టు. దాన్ని తీసి వేరే కొలతది వేసుకోవచ్చు. ఇలాన్‌కి 30 మిల్లీమీటర్లది వేశారు. ‘45 వెబర్లు పెట్టించా’ అని చెప్పుకునేవాళ్లు చెప్పాల్సిన సంఖ్య 45 కాదు, లోపలున్న గొంతు కొలత. 45లో 32 వేసుకోవచ్చు, 38 వేసుకోవచ్చు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, నడపడంలో మాత్రం రెండు వేర్వేరు కార్లు. గొంతు ముందు తేల్చుకుని, అది థ్రాటిల్ గొట్టంలో 75, 80 శాతం ఉండేలా గొట్టం ఎంచుకోవడం పద్ధతి. జనం చేసేది దీనికి తలకిందులు.

ఇలాన్ సిలిండర్ ఒక్కొక్కటి 390 సీసీ. 6000 ఆర్‌పీఎంలో సెకనుకు 50 సార్లు పీలుస్తుంది. ఒక్కో చక్రానికి 20 మిల్లీసెకన్లు. అందులో వాల్వ్ తెరిచి ఉండేది ఏడున్నర మిల్లీసెకన్లు, మిగతా సమయమంతా ఆ గొంతుకు విశ్రాంతి. సిలిండర్ నిండుగా నిండుతుందనుకుంటే ఆ ఏడున్నరలో 390 సీసీ దూరాలి. 30 మిల్లీమీటర్ల గొంతులో అది సెకనుకు 73 మీటర్ల వేగం. పీడనం తేడా 3200 పాస్కల్స్ దాకా ఉంటుంది, అంటే 33 సెంటీమీటర్ల నీటి ఎత్తు. పెట్రోలు పైకెక్కడానికి ఇది ధారాళంగా సరిపోతుంది. అదే ఇంజన్ 2000 దగ్గర ఊళ్లో తిరుగుతుంటే? వేగం మూడో వంతు, బలం తొమ్మిదో వంతు. 360 పాస్కల్స్, అయిదు సెంటీమీటర్ల పెట్రోలు ఎత్తు. ఫ్లోట్ గదిలో పెట్రోలు మట్టం ఎప్పుడూ నాజిల్ కంటే కాస్త కిందే ఉంటుంది, లేకపోతే ఆపిన బండి ఇంజన్‌లోకి కారిపోతుంది. ఆ తేడాను ఎక్కాక మిగిలిన బలంతోనే పెట్రోలు తుంపరవ్వాలి. ఇప్పుడు 30 తీసి 38 వేయండి. నాలుగో ఘాతం దెబ్బకు ఆ అయిదు సెంటీమీటర్లు రెండుకు పడిపోతాయి. పెట్రోలు తుంపరగా కాక చుక్కలుగా వస్తుంది, లేదా రానే రాదు. అందుకే కాలు వేయగానే దగ్గు. వెబర్‌లో చిన్న గొంతు లోపల ఇంకో చిన్న గొంతు పెట్టి ఈ బలాన్ని కొంత పెంచారు, హఠాత్తుగా తొక్కితే పెట్రోలు చిమ్మే పంపు కూడా పెట్టారు. అవి ఊతకర్రలే. ఘాతాన్ని మార్చలేవు.

దీన్ని ఇంకా కష్టం చేసేది రేసింగ్ క్యామ్. అది వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, పైవేగంలో నింపుడు పెంచడానికి. తక్కువ వేగంలో ఏం జరుగుతుందంటే, పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టాక కూడా వాల్వ్ మూసుకోదు. లోపలికెళ్లిన గాలి కొంత వెనక్కి తన్నుకొస్తుంది. గొంతుకు దిశ తెలియదు. గాలి ఎటు వెళ్లినా పెట్రోలు కలుపుతుంది. వెనక్కొచ్చి మళ్లీ లోపలికెళ్లే గాలికి రెండు మూడు సార్లు పెట్రోలు అంటుకుంటుంది. తీవ్రంగా ట్యూన్ చేసిన ఇంజన్ మీద వెబర్ల నోళ్ల ముందు పెట్రోలు మంచులా తేలడం అందుకే. ఒకే సమయంలో మిశ్రమం ఒకచోట పలచగా, ఇంకోచోట మందంగా ఉండే ఈ దుస్థితి, పెట్రోలు వదిలే జెట్ ఏది మార్చినా పూర్తిగా పోదు.

ఒక మనిషి ఈ నాలుగో ఘాతాన్నే తప్పించుకోవాలనుకున్నాడు. లండన్‌లో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబానికి చెందిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్. ఆయన, ఆయన తమ్ముడు కార్ల్ కలిసి 1910లో ఎస్‌యూ కంపెనీ పెట్టారు. స్కిన్నర్ యూనియన్ అన్నదాన్ని కుదించి ఎస్‌యూ అన్నారు. గొంతు కొలత ముందే ఎందుకు నిర్ణయించాలి, గాలే దాన్ని నిర్ణయించుకోనీ అన్నది హెర్బర్ట్ ఊహ. గొంతులో ఒక పైకప్పు పెట్టాడు, పైకీ కిందికీ కదిలేది. ఇంజన్ ఎక్కువ గాలి లాగితే ఆ కప్పు పైకి లేస్తుంది, తక్కువ లాగితే దిగుతుంది. గాలి వేగం మాత్రం ఎప్పుడూ దాదాపు ఒకటే. మొదట్లో ఆ కప్పును లేపడానికి తోలు బెల్లోస్ వాడారు, చెప్పుల ఇంట్లో తోలుకు కొదవేముంది! తర్వాత అది ఇత్తడి, అల్యూమినియం పిస్టన్ అయింది. పిస్టన్ కిందుగా ఒక కోసుగా ఉండే సూది వేలాడుతుంది. పిస్టన్ లేచేకొద్దీ సూదిలోని సన్నని భాగం జెట్‌లోకి వస్తుంది, ఖాళీ పెరిగి ఎక్కువ పెట్రోలు వస్తుంది. 1926లో కార్ల తయారీదారు మోరిస్ ఈ ఎస్‌యూ కంపెనీని కొనేశాక బ్రిటిష్ కార్లలో సగానికి సగం దీని మీదే నడిచాయంటే అతిశయోక్తి పెద్దగా ఉండదు.

అందుకని ఎస్‌యూలో కొలత తప్పితే వెబర్‌లో తప్పినంత శిక్ష పడదు. అవసరానికి మించిన ఎస్‌యూ పెడితే పిస్టన్ సగం వరకే లేస్తుంది, గాలి వేగం కాపాడుకుంటుంది. దగ్గు రాదు. నష్టం వేరేచోట. సూది పొడవులో కొంత భాగమే పనిలోకి వస్తుంది కాబట్టి కొలత మోటుగా అవుతుంది. థ్రాటిల్ పలక పెద్దది కావడంతో కాలు కాస్త కదిపినా ఎక్కువ తెరుచుకుని కారు ఉలిక్కిపడినట్టు కదులుతుంది. ఊళ్లో నడిపేవాడికి ఇదీ చిరాకే. కానీ ఇంజన్ ఆగిపోదు. రోడ్డు మీద వాడుకునే పాత బ్రిటిష్ కారుకు వెబర్ల కంటే ఎస్‌యూలే మేలని నేను అనడానికి కారణం ఇదే. వెబర్ల గర్జన వినడానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. దాని కోసమే పెట్టించుకుంటానంటే అదొక న్యాయమైన కారణం. శక్తి కోసం అని చెప్పకుండా ఉంటే చాలు.

ఎస్‌యూ కొలతలకు ఒక సరదా లెక్క ఉంది. హెచ్‌ఎస్2, హెచ్‌ఎస్4, హెచ్‌ఎస్6 అని పేర్లు. చివరి అంకె ఒక అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. రెండైతే 1.25 అంగుళాలు, నాలుగైతే 1.5, ఆరైతే 1.75. తర్వాత వచ్చిన హెచ్‌ఐఎఫ్ రకానికి నేరుగా మిల్లీమీటర్లే. హెచ్‌ఐఎఫ్44 అంటే మళ్లీ ఆ 1.75 అంగుళాలదే.

ఇప్పుడు మినీకి తిరిగొద్దాం. కూపర్ ఎస్‌కి రెండు హెచ్‌ఎస్2లు. 1982లో వచ్చిన ఎంజీ మెట్రోకి అదే 1275 ఇంజన్ మీద ఒకే ఒక హెచ్‌ఐఎఫ్44, 72 హార్స్‌పవర్. రెండింటి నోళ్లు లెక్కేయండి. 1.25ను వర్గం చేసి రెట్టిస్తే 3.125. 1.75 వర్గం 3.06. దాదాపు సమానం! జంట కార్బురేటర్లు, పైన మెరిసే రెండు మూతలు, మధ్యలో లింకేజీ, ఇవన్నీ చూసి రెట్టింపు అనుకున్నవాడి కళ్లను ఈ రెండు సంఖ్యలు తెరుస్తాయి.

ఇంకొంచెం లోతుకెళ్తే ఒంటిదే గెలుస్తుంది కూడా. మినీ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లే ద్వారాలు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకు ఒకటి, మూడు, నాలుగుకి ఇంకొకటి. పేలే వరస 1-3-4-2. ఆ వరసను చుట్టూ తిప్పి చూస్తే రెండు తర్వాత వెంటనే ఒకటి, మూడు తర్వాత వెంటనే నాలుగు. అంటే ఒకే ద్వారం పంచుకునే ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పీలుస్తారు. మొదటివాడి భోజనం పూర్తి కాకముందే రెండోవాడు కంచం ముందు కూర్చుంటాడు. జంట కార్బురేటర్లలో ఒక్కొక్కటీ చక్రంలో ఎనిమిదిలో అయిదు వంతులు తలమునకలై, మూడు వంతులు ఖాళీగా ఉంటుంది. ఒంటి కార్బురేటర్‌కి ఖాళీ లేదు, నాలుగు సిలిండర్లకూ వరసగా వడ్డిస్తూనే ఉంటుంది. పిస్టన్ పూర్తిగా లేచిందనుకుంటే 5800 దగ్గర జంటలో గాలి వేగం 53 మీటర్లు, ఒంటిదాంట్లో 34. రెండు హెచ్‌ఎస్2ల మధ్య కలిపే సన్నని గొట్టం ఈ తేడాను కొంత తగ్గిస్తుంది, కానీ పూర్తిగా చెరపదు. కాబట్టి ట్యూన్ చేసిన 1275 మినీకి ఒక్క హెచ్‌ఐఎఫ్44 మంచి మానిఫోల్డుతో పెట్టడం పొదుపరి పని మాత్రమే కాదు, తెలివైన పని. రెండిటినీ ఒకే లయలో ఉంచే బెడద కూడా ఉండదు. దీనికే 45 డీసీఓఈ పెట్టాలంటే మినీ ఇంజన్ వెనక గోడను కోసి డబ్బా చేయించాలి, లేకపోతే కార్బురేటర్ పట్టదు. అంత కోసి, డాష్‌బోర్డు అవతలికి ఇనుప పెట్టె తెచ్చుకుని, ఊళ్లో తిరగడానికి వాడేవాళ్లున్నారు. వాళ్ల ఇష్టం.

అమెరికా వాళ్లు ఈ సమస్యను ఇంకోలా చూస్తారు. వాళ్ల కార్బురేటర్లను వ్యాసంతో కాకుండా, నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి పంపగలదో ఆ సంఖ్యతో పిలుస్తారు. 500, 600, 750. ఇది మరింత శాస్త్రీయంగా కనిపిస్తుంది, ఒక మోసం దాచుకుని. ఏ గొట్టమైనా ఎంత పీడనం తేడా పెడితే అంత గాలి పంపుతుంది. నాలుగు గొంతుల కార్బురేటర్లను అక్కడ 1.5 అంగుళాల పాదరసం తేడా దగ్గర కొలుస్తారు. రెండు గొంతులవాటిని 3 అంగుళాల దగ్గర. తేడా రెట్టింపైతే గాలి రెట్టింపు కాదు, వర్గమూలం మేరకే, 1.41 రెట్లు. కాబట్టి రెండు గొంతుల 500 కార్బురేటర్‌ను నాలుగు గొంతుల కొలబద్ద మీద పెడితే 354 మాత్రమే. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవాడు మోసపోయాడన్నమాట. షెవర్లే వారి 350 ఘనపు అంగుళాల ఇంజన్ మన పద్ధతిలో 5.7 లీటర్లు. 5500 దగ్గర, 85 శాతం నింపుడుతో, అది మింగేది నిమిషానికి 470 ఘనపు అడుగులు. దాని మీద 750 పెట్టడం అక్కడ మామూలు వేడుక.

ఆ 1.5 అంగుళాల పాదరసం ఎంచుకోవడంలో కూడా అర్థముంది. అది వాతావరణ పీడనంలో 5 శాతం. ఫుల్ థ్రాటిల్ దగ్గర మానిఫోల్డులో అంత పీడనం తగ్గితే సిలిండర్‌కు గాలి అయిదు శాతం తక్కువ చేరుతుంది, శక్తీ సుమారు అంతే పోతుంది. ఆ పోయిన అయిదు శాతాన్ని నేను ఒక రకమైన బాడుగ అనుకుంటాను. కొలత చక్కగా చేసినందుకు కార్బురేటర్‌కిచ్చే బాడుగ. రేసు కారుకు అది మరీ ఎక్కువ, రెండు శాతమైతే మేలు. ఊళ్లో, హైవే మీద తిరిగే కారుకు అయిదు శాతం కూడా ఖరీదైనది కాదు. 6000 దగ్గర ఆ కారు ఏడాదిలో ఎన్ని నిమిషాలుంటుంది? 2500 దగ్గరే దాని జీవితమంతా గడిచిపోతుంది.

దీన్ని కొలిచి చూసుకోవచ్చు కూడా. మానిఫోల్డుకు వ్యాక్యూమ్ గేజ్ తగిలించి, చక్రాల కింద తిరిగే వర్క్‌షాపు రోలర్ల మీద గానీ ఖాళీ రోడ్డు మీద గానీ ఫుల్ థ్రాటిల్‌లో గరిష్ఠ వేగానికి తీసుకెళ్లాలి. గేజ్ ముల్లు దాదాపు కదలకపోతే కార్బురేటర్ అవసరానికి మించినది. రెండు అంగుళాలు దాటితే ఇంజన్ గొంతు నొక్కుకుపోతోంది. ఎస్‌యూ ఉన్నవాళ్లకు ఇంకా తేలికైన దారి ఉంది. రోలర్ల మీద డ్యాంపర్ తీసి, దాని స్థానంలో సన్నని తేలికపాటి కడ్డీ నిలబెట్టి చూస్తే పిస్టన్ ఎంత లేస్తోందో బయటి నుంచే కనిపిస్తుంది. గరిష్ఠ శక్తి వేగానికి కాస్త ముందో, సరిగ్గా అక్కడో పిస్టన్ పైకప్పు తాకితే ఆ కొలత కుదిరినట్టే. 4000 దగ్గరే తాకేస్తే పెద్దది కావాలి. ఎప్పటికీ తాకకపోతే డబ్బు వృథా అయింది.

ఈ పరీక్షలన్నీ గాలి గురించే. పెట్రోలు పాలు వేరే సంగతి, అది సూదితోనో జెట్‌తోనో సరిచేసుకోవాలి. కార్బురేటర్ పెద్దదైపోయిందని జనం ఫిర్యాదు చేసే కార్లలో కొన్నింట్లో తప్పు నిజానికి ఇక్కడే ఉంటుంది. ఈమధ్య మన దేశంలో పాతకార్లవాళ్లకు ఇది కొత్తగా ఎదురవుతోంది. బంకుల్లో ఇప్పుడు దొరికే ఈ20 పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్. మామూలు పెట్రోలు కాలడానికి తన బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిదే చాలు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. కలిసిన ఇంధనానికి 13.5 రెట్ల గాలి చాలు. పాత జెట్‌తో వదిలేస్తే అదే గాలికి ఎనిమిది శాతానికి పైగా ఇంధనం చాలకుండా పోతుంది. అప్పుడు ఇంజన్ దగ్గుతుంది, పికప్ పోతుంది, వేడెక్కుతుంది. లక్షణాలన్నీ పెద్ద గొంతు పెట్టినప్పటివే! జెట్ గుండా వెళ్లే ఇంధనం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఎనిమిది శాతానికి వ్యాసం నాలుగు శాతం పెంచితే చాలు. వెబర్ జెట్లను మిల్లీమీటర్‌లో నూరో వంతులతో లెక్కేస్తారు, అయిదేసి మెట్లుగా అమ్ముతారు. 120 ఉన్నచోట 125 వేయాలి. ఎస్‌యూలో అయితే మెట్టు సన్నని సూది. ఫ్లోట్ గది కింది రబ్బరు వాషర్లు కూడా అదే రోజు మార్పించుకోవాలి, ఇథనాల్ పాత రబ్బరును నానబెట్టి ఉబ్బిస్తుంది.